బొమ్మల పుస్తకం మనమే చేద్దాం – 4వ పాఠం: చేర్చుకునే పేజీ

పోయిన పాఠంలో ఎనిమిది ఏ4 కాగితాలు మధ్యకి మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, 32 పేజీల నమూనా పుస్తకం కుట్టుకున్నాం. మొదటి మూడు పేజీలు పేరుకీ వివరాలకీ పోగా, 4–5 నుంచి 30–31 దాకా 14 జోడు పేజీలు కథకి మిగిలాయి. ఆ నమూనా, ఒక పెన్సిల్, రబ్బరు దగ్గర పెట్టుకోండి. రబ్బరుతో ఇవాళ ఎక్కువ పని ఉంటుంది.

మన కథ జరిగేది కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో. సముద్రం నీళ్లు తగ్గగానే అక్కడి బురదలో చిన్న చిన్న బొరియలు బయటపడతాయి. వాటిలో ఉండే ఒక రకం పీతల్లో మగవాటికి ఒక చెయ్యి చిన్నది, ఇంకోటి దాదాపు ఒంటంత పెద్దది. ఆ పెద్ద చెయ్యి తిండికి పనికిరాదు, చిన్న చేత్తోనే తింటుంది. ఆడవాటికి రెండూ చిన్నవే. మన కథలో మగ పీత పేరు బుడ్డోడు, వాడి నేస్తాలంతా ఆడపిల్లలు. దాగుడుమూతలాటలో వాళ్ల బొరియల్లో దూరితే వాడి పెద్ద చెయ్యి పట్టదు, బయటికే ఉండిపోతుంది. అందుకని రోజూ మొదట దొరికిపోయేది వాడే.

ఈ కథని మొదటిసారి నేను వేరేలా రాశాను. ఒక కట్టె కొట్టుకొచ్చి బొరియకి అడ్డం పడుతుంది. లోపల నేస్తం ఇరుక్కుంటుంది. బుడ్డోడు పెద్ద చేత్తో కట్టెని లేపుతాడు. అందరూ చప్పట్లు కొట్టి వాడిని ఆటలో కలుపుకుంటారు. మలక్‌పేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చాప పరిచి పిల్లలకి చదివి వినిపించాను. అంతా విన్నాక ఒక ఐదేళ్ల పాప అడిగింది: "వాడు కట్టె లేపకపోతే ఆటకి రానియ్యరా ఆంటీ?"

నా దగ్గర జవాబు లేదు. నేను రాసిన కథ ప్రకారం రానియ్యరు మరి! సాయం చేశాడు కాబట్టి చేర్చుకున్నారు. రేపు చెయ్యకపోతే? ఇల్లు మారి కొత్త బడిలో చేరిన పిల్లకి, మాట తడబడే పిల్లాడికి ఈ కథ చెప్పేదేమిటంటే, ముందు ఏదో ఒకటి సాధించుకుని రా, అప్పుడు చూద్దామని. పిల్లల కథల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించే తప్పు ఇదే. మంచి మనసుతో రాసేవాళ్లే ఎక్కువగా చేస్తారు.

మీ నమూనాలో మిగతావాళ్లు మనసు మార్చుకునే పేజీ తీయండి. ఒక్క పేజీ వెనక్కి వెళ్లి, అక్కడ మీ పాత్ర ఏం చేసిందో చూడండి. గెలిచిందా? కాపాడిందా? ఏదైనా ఇచ్చిందా? అయితే ఆ పేజీ చెరిపెయ్యండి. మారాల్సింది తక్కినవాళ్లు.

నేను మార్చిన పద్ధతి ఇది. 23వ పేజీ కుడివైపు వస్తుంది కదా, అక్కడ రెండే వాక్యాలు: "బుడ్డోడి చెయ్యి ఇవాళ కూడా బయటే ఉంది. దొంగ అంకెలన్నీ లెక్కపెట్టేసి ఇటు తిరిగింది." పేజీ తిప్పితే 24–25లో ఒక్క అక్షరం లేదు. బురదంతా బొరియలు. ప్రతి బొరియలోంచీ ఒక చెయ్యి బయటికి ఉంది. పది చిన్నవి, ఒకటి పెద్దది.

ఇక్కడ మాట రాయాలని చెయ్యి లాగుతుంది. రాయకండి. చదివేటప్పుడు కూడా ఆగండి, పిల్లలు వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు. రెండోసారి చదివినప్పుడు ఆ పాప ఏ ప్రశ్నా వెయ్యలేదు. లేచి వెళ్లి స్తంభం వెనక దాక్కుని ఒక చెయ్యి బయటికి పెట్టింది.

"నువ్వు నువ్వులాగే బాగున్నావు" అని అమ్మమ్మ పీత చేత చెప్పించారా? అదీ తీసెయ్యండి. నాలుగేళ్ల పిల్లలకి ఆ మాట చెవికి ఎక్కదు, ఒళ్లు చూపిస్తే ఎక్కుతుంది. మొదటి పేజీల్లో బుడ్డోడు పెద్ద చేతిని వెనక్కి దాచుకుని నిలబడతాడు. 32వ పేజీలో అదే చేతిని తలగడలా పెట్టుకుని నిద్రపోతాడు.

ఇంకో మాట, మన హైదరాబాద్ పిల్లల కోసం. మా బిల్డింగ్‌లో పిల్లలకి సముద్రమంటే హుస్సేన్ సాగరే. పేరులో సాగరం ఉన్నా అది 16వ శతాబ్దంలో, కుతుబ్ షాహీల కాలంలో కట్టిన చెరువు. ట్యాంక్‌బండ్ మీద పొద్దున చూసిన నీళ్లు సాయంత్రానికీ అక్కడే ఉంటాయి. రోజుకి రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చే నీళ్లని వాళ్లు చూడలేదు. ఆటుపోట్ల గురించి పాఠం చెప్పకండి. ప్రతి జోడు పేజీలోనూ అడుగున నీటి గీత గీసి, 26–27 నుంచి కొంచెం కొంచెం పైకి జరపండి. 30–31కి వచ్చేసరికి బొరియలన్నీ బురదతో మూసుకుని, పైన నీళ్లు నిండిపోవాలి. ఆట ఎందుకు ఆగిందో పిల్లలకి దానంతటదే తెలుస్తుంది.

వచ్చే పాఠానికి మీ 24–25 జోడుని మాటల్లేకుండా మూడు రకాలుగా గీసి ఉంచండి. గీత వంకరైనా ఫర్వాలేదు. మూడూ ఒక చిన్నపిల్లకి చూపించి, ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగిందో వెనకాల పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. రంగుల పని అక్కడినుంచి మొదలుపెడదాం.