సోలార్ లైటు కొనేముందు బోర్లించి చూడండి

రాజమండ్రిలో మాది ఎలక్ట్రికల్ కొట్టు. కడియం నర్సరీల్లో మొక్కలు కొనుక్కుని వెనక్కి వెళ్తూ చాలామంది మా దగ్గర ఆగుతారు. డిక్కీ నిండా కుండీలుంటాయి. "తోటలోకి నాలుగు సోలార్ లైట్లు ఇవ్వండి, చూడ్డానికి బావుండాలి" అంటారు. బావుండటం సంగతి మీ ఇష్టమండీ. సీతాకోకచిలుక బొమ్మా, లాంతరా, నేలలో గుచ్చే గొట్టమా, మీరే ఏరుకోండి. నేను చెప్పేదల్లా ఏరుకున్నదాన్ని ఒక్కసారి బోర్లించమని.

అడుగున చిన్న స్క్రూలూ, మూతా ఉంటాయి. మూత తీస్తే లోపల పెన్సిల్ సెల్లు లాంటిది కనిపిస్తుంది. దాని మీద అక్షరాలు చదవండి. మామూలుగా 1.2 వోల్టులు, 600 ఎంఏహెచ్ అని ఉంటుంది. ఆ రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే 0.72 వాట్ అవర్, సెల్లులో పట్టే కరెంటు అంతే. అంటే 10 వాట్ల దీపం నిజంగా దీంతో వెలిగించామనుకోండి, నాలుగు నిమిషాలు దాటగానే సెల్లు ఖాళీ. ఇప్పుడు అట్టపెట్టె చూడండి, "10 వాట్లు" అని పెద్దక్షరాలతో ఉంటుంది! నిజానికి లోపలి ఎల్‌ఈడీ తాగేది 0.06, 0.07 వాట్ల దాకానే. అందుకే పోయేది పోగా ఏడెనిమిది గంటలు వెలుగుతుంది. కొన్ని చవక రకాల్లో 200, 300 ఎంఏహెచ్ సెల్లు పెడతారు. మనం భోజనాలు ముగించి అరుగు మీదకి వచ్చేసరికి ఆరిపోయేవి అవే.

వాట్లు వదిలేసి ల్యూమెన్లు, అంటే వెలుగు ఎంత వస్తుందో చెప్పే కొలత, అడగండి. అలంకారానికి 5 నుంచి 15 ల్యూమెన్లు చాలు. నడిచే దారికైతే 50 పైన ఉండాలి. కింద నుంచి చెట్టు మీదకి వెలుగు కొట్టాలంటే 200 దాకా కావాలి. దానికి లిథియం బ్యాటరీ, పెద్ద ప్యానెల్ ఉన్నదే తీసుకోండి.

సెల్లు విషయంలో ఇంకో మాట. అదే సైజులో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు కూడా వస్తుంది, దానిది 3.2 వోల్టులు. మన మే నెల ఎండకి ప్యానెల్ కింద డబ్బా కాలిపోతూ ఉంటుంది. ఆ వేడికి ఇది బాగా ఆగుతుంది, ఎక్కువసార్లు ఛార్జింగ్ కూడా తీసుకుంటుంది. కాస్త ధర ఎక్కువైనా నేను దీనికే ఓటేస్తాను. కానీ 1.2 ఉన్నచోట 3.2 వేయకండి, లైటు మాడిపోతుంది. గోడ గడియారంలో వేసే మామూలు సెల్లు అసలే వద్దు, అది ఛార్జింగ్‌కి పనికిరాదు, కారిపోతుంది. సెల్లు మార్చే వీల్లేకుండా మూత అతికించేసిన లైట్లూ ఉన్నాయి. సెల్లు చచ్చిపోతే వాటిని చెత్తలో వేయడమే.

ఇక పైకి తిప్పి ప్యానెల్ చూడండి. గోధుమరంగులో సన్న గీతలతో ఉంటే అది నాసి రకం, అదే సైజుకి తక్కువ కరెంటు ఇస్తుంది. నీలంగా, పలుకులు పలుకులుగా మెరిసేది నయం. నల్లగా ఉండేది ఇంకా నయం. పైపూత గాజైతే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. జిగురు పూత అయితే ఎండకి పచ్చబారి, ఆనక తెల్లగా మసకేస్తుంది. స్విచ్ వేసి ప్యానెల్ మీద అరచెయ్యి పూర్తిగా కప్పండి, లైటు వెలగాలి. కొట్టువాడు ఏమైనా అనుకుంటాడని మొహమాటపడకండి.

లైటు ఎంత మంచిదైనా మామిడిచెట్టు కింద గుచ్చితే లాభం లేదు. మనకి వెలుగు కావాల్సిన చోటు ఒకటి, ఎండ పడే చోటు ఇంకొకటి. అలాంటప్పుడు మూడు నుంచి ఐదు మీటర్ల వైరుతో ప్యానెల్ విడిగా వచ్చేది తీసుకుని, ప్యానెల్‌ని దక్షిణం వైపు కొంచెం వాల్చి పెట్టండి. వాలుంటే దుమ్ము కూడా వానకి జారిపోతుంది. చోటు చూసుకునేటప్పుడు కాలాలు గుర్తుంచుకోండి. కార్తీకం, మార్గశిరాల్లో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి వేసవిలో నిండా ఎండ తగిలిన మూల మీద అప్పుడు ప్రహరీ నీడ పడుతుంది. వీధిలైటు వెలుగు ప్యానెల్ మీద పడితే ఇంకా పగలే అనుకుని లైటు వెలగదు. "మిగతావన్నీ వెలుగుతున్నాయండీ, గేటు దగ్గరదే వెలగట్లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది వీధిలైటు గురించే.

వాన సంగతికి వస్తే, లైటు నీళ్ళకీ దుమ్ముకీ ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ అంకె చూడండి. ఐపీ 44 అంటే చినుకులకి ఆగుతుంది. పైపుతో మొక్కలకి నీళ్ళు కొట్టే ఇంట్లో ఐపీ 65 ఉండాలి. నీళ్ళు నిలిచే చోటైతే 67. ముసురు పట్టిన వారంలో మాత్రం ఏ ఐపీ వచ్చినా లైటు మందగిస్తుంది. పండగకి తప్పకుండా వెలగాలంటే ఫోన్ ఛార్జర్‌తో కూడా ఛార్జింగ్ పెట్టుకునే రకం చూడండి.

రంగు దగ్గర నాకు పట్టింపు ఉంది. తోటకి వార్మ్ వైట్, అంటే పసుపు ఛాయ ఉన్న తెలుపు, పెట్టె మీద 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య రాసి ఉండేది. 6500 తెలుపు ఆకుల మీద పడితే ఆసుపత్రి వరండాలా ఉంటుంది, పురుగులూ ఎక్కువ మూగుతాయి. చామంతులు పెంచేవాళ్ళు మరీ జాగ్రత్త. చామంతికి రాత్రి పొడవుగా ఉంటేనే మొగ్గ వస్తుంది. పూత వెనక్కి జరపాలనుకునే రైతులు రాత్రిళ్ళు చేలో బల్బులు వెలిగించేది అందుకే. మినుకుమనే దీపంతో పెద్ద ఇబ్బంది ఉండదు గానీ, గట్టి ఫ్లడ్ లైటు చామంతి కుండీల వైపు తిప్పకండి.

నేలలో గుచ్చే లైటుని సుత్తితో కొడితే ప్లాస్టిక్ మేకు విరుగుతుంది, నల్లరేగడిలో అయితే మరీను. ముందు నీళ్ళు పోసి, ఊచతో బెజ్జం చేసి, అందులో దింపండి. తీగ లైట్లు కొమ్మకి బిగించి చుట్టకండి, కొమ్మ లావెక్కే కొద్దీ తీగ ఒరుసుకుపోతుంది.

ఇంటికెళ్ళాక మూత కింద చిన్న స్విచ్ ఉంటుంది, చూడండి. కొన్ని లైట్లలో అది ఆన్‌లో లేకపోతే ఛార్జింగే ఎక్కదు. కొన్నిటిలో సెల్లు దగ్గర చిన్న ప్లాస్టిక్ పట్టీ అడ్డం పెట్టి పంపుతారు, దాన్ని లాగేయాలి. ఒక రోజంతా మంచి ఎండ తగిలాకే రాత్రి వెలుగుని బట్టి తీర్పు చెప్పండి. వెలగలేదని వెనక్కి తెచ్చేవాళ్ళ దగ్గర లైటు తీసుకుని నేను మొదట చూసేది ఆ స్విచ్చూ, ఆ పట్టీనే.