డీలర్లని ఆల్ప్స్‌కి తీసుకెళ్తున్నారా? ఒంట్లో సంగతి ఒంటరిగా అడగండి

రాయగడ, గుణుపురం, జయపురం వైపు ఎరువుల డీలర్లకి, సిమెంటు డీలర్లకి మళ్ళీ కంపెనీలు తీసుకెళ్ళే స్విట్జర్లాండ్ టూర్ల కబుర్లు మొదలయ్యాయి. కిందటి సీజన్లో మన వైపు నుంచి వెళ్ళిన బృందంలో అరవై దాటిన పెద్దాయన ఒకరు ఆల్ప్స్‌లో రైలు వెళ్ళే ఎత్తయిన కనుమ యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ పైన మంచు గుహలో నడుస్తూ నడుస్తూ కూలబడిపోయారు. గుండెకి స్టెంట్ వేసి ఏడాది కూడా కాలేదని ఒకే గదిలో పడుకున్న వాళ్ళకే తెలీదు. కిందికి దింపి ఆసుపత్రిలో చేర్చారు, ప్రాణం దక్కింది. పాత జబ్బు దాచారని బీమా వాళ్ళు డబ్బు కట్టలేదు. ఆ బిల్లు కోసం ఇంటివాళ్ళు పొలం అమ్ముకున్నారు.

స్వెట్టర్లు, బూట్లు, మన భోజనం దొరికే హోటళ్ళు, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్కటే. ఆరోగ్యం గురించి నలుగురిలో అడక్కండి.

మీటింగు హాల్లో, ఏరియా మేనేజర్ ఎదురుగా "ఎవరికైనా బీపీ, గుండె జబ్బు ఉందా?" అంటే ఎవరు చెయ్యెత్తుతారు? పక్క కుర్చీలో పోటీ కొట్టువాడు ఉంటాడు. టూరు పోతుందని ఒక భయం, జబ్బు మనిషని తెలిస్తే అప్పు మీద సరుకు ఇవ్వరేమోనని ఇంకో భయం. "నాకేటవుద్ది బాబూ, గుండ్రాయిలా ఉన్నాను" అంటారు. ఆ మాట రాసుకుని టిక్కెట్లు తీసేస్తారు. కొంప ముంచేది అక్కడే.

ఇంటికి వెళ్ళి అడగండి. "జబ్బులేమైనా ఉన్నాయా మావయ్యా?" అని కాదు, "రోజూ ఏం మాత్రలు వేసుకుంటారు?" అని అడగండి. ఆయన నసుగుతూ ఉండగానే అత్తయ్యగారు లోపల్నుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చి ముందు పెడతారు. మూత తీస్తే అన్నీ మాత్రల స్ట్రిప్పులే. వాటిని ఫొటో తీసుకుని డాక్టరుకి చూపించండి. ఆ వివరాలు బీమా ఫారంలో ఉన్నవి ఉన్నట్టు రాయండి. స్విట్జర్లాండ్ వెళ్ళడానికి తీసుకునే షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలని ఏజెంట్లు ఏదో ఒక పాలసీ అంటగడతారు. చాలా పాలసీల్లో పాత జబ్బులకీ, పారాగ్లైడింగ్ లాంటి వాటికీ కవరేజీ ఉండదు. చదివే కొనండి.

ఇంత పట్టు ఎందుకంటే, ఒడిశాలోకెల్లా ఎత్తయిన మన దేవమాలి కొండ 1,672 మీటర్లు. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ 3,454. అంటే రెట్టింపు పైమాటే. 567 మీటర్ల దగ్గరున్న ఇంటర్లాకెన్ నుంచి రైలు, కేబుల్ కారు మారుతూ రెండు గంటల్లోపే అక్కడ దిగుతారు. ఒంటికి అలవాటు పడే టైము దొరకదు. గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి, పీల్చే ప్రతి శ్వాసలో ఆక్సిజనూ అంతే. మనవాళ్ళు రాయగడలో రైలెక్కి, విశాఖలో విమానం ఎక్కి, హైదరాబాదులో మారి, గల్ఫ్‌లో మళ్ళీ మారి జూరిచ్‌లో దిగుతారు. ఆ నిద్ర లేని ఒంటితో మర్నాడే కొండ పెట్టొద్దు. మూడో రోజు పెట్టండి.

పైకి వెళ్ళని వాళ్ళని హోటల్లో వదిలేస్తే అది శిక్షలా ఉంటుంది, అందుకే జబ్బు దాస్తారు. వాళ్ళకీ మంచి ప్రోగ్రాం ఉండాలి. బ్రియెంజ్ సరస్సులో పడవ ఎక్కి గీస్‌బాఖ్ జలపాతానికి వెళ్ళొచ్చు. రేవు నుంచి పైకి 1879 నాటి చిన్న రైలుంది. హార్డర్ కుల్మ్ అయితే 1,322 మీటర్లే, మన దేవమాలి కన్నా తక్కువ. అక్కడికీ రైలే తీసుకెళ్తుంది, ఐగర్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు ఎదురుగా కనిపిస్తాయి. ఈ రెండు ప్రోగ్రాములూ ఆహ్వాన పత్రంలో సమానంగా వేయించండి. ఎవరు ఏది ఎంచుకున్నా కారణం అడక్కండి. మళ్ళీ చెప్తున్నాను, నలుగురిలో అసలే అడక్కండి.

కుర్రాళ్ళు కొండవాగుల్లో దిగే కాన్యనింగ్ కావాలంటారు. 1999 జూలై 27న ఇంటర్లాకెన్ దగ్గర సాక్సెట్‌బాఖ్ వాగులో ఉరుముల వానకి ఒక్కసారిగా నీళ్ళొచ్చి 21 మంది చనిపోయారు. నాగావళి ఎగువన వాన పడితే దిగువన ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? ఉరుముల సూచన ఉంటే రద్దు చెయ్యండి. కట్టిన డబ్బు పోతే పోనివ్వండి.

గాలా డిన్నర్ కొండ నుంచి దిగొచ్చాకే. కొండెక్కే ముందు రోజు రాత్రి మద్యం వద్దు. మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు. పైన పరుగులు వద్దు, మంచులో ఆటల పోటీలు అసలే వద్దు. నల్ల కళ్ళద్దాలు అందరికీ. సరస్సు నీళ్ళు చల్లన, ఈత వచ్చినా దూకనివ్వొద్దు. కిందికి చివరి బండి ఎన్నింటికో పొద్దున్నే చూసుకోండి. ప్రతి పదిమందికీ ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి, ఆ మనిషి మేనేజర్ కాకూడదు, ఆయనకి ఎవరూ నిజం చెప్పరు. ఏ ఆపదకైనా 112, అంబులెన్స్‌కి 144, ఆపదలో ఉన్నవాళ్ళని తీసుకెళ్ళే రెగా హెలికాప్టర్‌కి 1414, ఈ నంబర్లు అందరి ఫోన్లలో వెయ్యండి. "తల తిరుగుతోంది, వికారంగా ఉంది" అని ఎవరన్నా గ్రూపు ఫొటో కోసం ఆగొద్దు. తర్వాతి బండిలోనే దింపండి, తోడు ఇచ్చి దింపండి.