పిల్లలకి మళ్లీ మళ్లీ కామెర్లు వస్తున్నాయా? చేతిరాత కూడా చూడండి

మా అన్నయ్య చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఆ అక్షరాలు చిన్నవైపోయి, వంకర్లు తిరిగి, చివరికి తను రాసింది తనే చదవలేకపోయేవాడు. చదువు టెన్షన్ అనుకున్నాం. నాయనమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. అంతకు రెండేళ్ల ముందు తొమ్మిదో తరగతిలో కామెర్లు వస్తే పసరు పోయించారు, తగ్గాయి, అందరం మర్చిపోయాం. ఆ కామెర్లకీ ఈ రాతకీ సంబంధం ఉందని రాజాం పక్కన మా ఊళ్లో ఎవరికి తడుతుంది? అది తట్టాలనే ఇది రాస్తున్నాను.

జబ్బు పేరు విల్సన్ వ్యాధి. 1912లో కిన్నియర్ విల్సన్ అనే డాక్టరు దీన్ని వివరించాడు కాబట్టి ఆ పేరు. మనం తినే తిండిలో ఉండే రాగి లోహంలో ఒంటికి అక్కర్లేనిదాన్ని లివర్ పైత్యరసంతో పాటు బయటికి పంపేయాలి. ఏటీపీ7బీ అనే జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండువైపులా చెడిపోయి వస్తే ఆ పని జరగదు, రాగి ముందు లివర్లో, తర్వాత మెదడులో, కళ్లలో పేరుకుంటుంది. సుమారు 30 వేల మందిలో ఒకరికి వస్తుందంటారు గానీ మేనరికాలు చేసుకునే ఇళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. మా అమ్మ నాన్నకి సొంత మేనమామ కూతురు. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, అందుకే ఇది వంశంలోంచి వచ్చిందంటే మొదట నమ్మలేకపోయారు.

చిన్నపిల్లల్లో ఎక్కువగా లివర్ వైపు నుంచి బయటపడుతుంది, అదీ మామూలుగా అయిదేళ్లు దాటాక. కామెర్లు తగ్గి మళ్లీ రావడం, పొట్ట ఉబ్బడం, కాళ్ల వాపు, ఎప్పుడూ నీరసం, ఇలాంటివి. నీళ్ల వల్ల వచ్చే మామూలు కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పసరుకి మంచి పేరు వచ్చేది అందుకే. ఒకసారి తగ్గినంత మాత్రాన లివర్ బాగున్నట్టు కాదు, రక్తపరీక్ష చేయించండి. కామెర్లతో పాటు మనిషి పాలిపోయి, మూత్రం కోలా రంగులోకి మారినా, మగతగా మాట్లాడినా అది ఎమర్జెన్సీ, ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోవాలి.

టీనేజీ నుంచి మెదడు లక్షణాలు మొదలవుతాయి, మనవాళ్లు పొరబడేది ఇక్కడే. చేయి వణుకుతుంది, మాట ముద్దగా వస్తుంది, నోట్లోంచి చొంగ కారుతుంది, నడక బిగుసుకుపోతుంది, మార్కులు పడిపోతాయి, ఎన్నడూ లేని కోపం, ఏడుపు. అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకోలేక విసిరికొడితే పొగరనుకుని నాన్న కొట్టారు. ఆ దెబ్బ గురించి నాన్న ఇప్పటికీ బాధపడతారు. పాత నోటుబుక్కూ కొత్త నోటుబుక్కూ పక్కపక్కన పెట్టి చూడండి, డాక్టరు దగ్గరికి రెండూ పట్టుకెళ్లండి.

కంటి నల్లగుడ్డు అంచు చుట్టూ ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగులో ఒక వలయం ఏర్పడుతుంది. మన నల్లటి కళ్లలో మామూలుగా చూస్తే అది దొరకదు, కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో చూడాలి. లివర్ దశలో చాలామందికి ఆ వలయం ఉండదు కూడా, కాబట్టి లేదన్నారని ఊరుకోకండి.

డాక్టరుని "విల్సన్ ఏమోనని భయంగా ఉంది, సెరులోప్లాస్మిన్ చూద్దామా" అని నేరుగా అడగండి, మొహమాటం వద్దు. సెరులోప్లాస్మిన్ అంటే రక్తంలో రాగిని మోసే ప్రోటీన్. అది డెసిలీటరుకి (100 మి.లీ.) 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే అనుమానించాలి, కానీ ఒక్కోసారి జబ్బున్నా నార్మల్‌గానే వస్తుంది. అందుకే 24 గంటల మూత్రంలో రాగి ఎంత పోతోందో కూడా చూస్తారు. దానికి ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బానే వాడాలి, ఇంట్లో సీసా వద్దు. అవసరమైతే లివర్ ముక్క పరీక్ష, జన్యు పరీక్ష చేస్తారు.

ఒకరికి తేలిందంటే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించాల్సిందే. ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. విశాఖలో డాక్టరు "ఇంకా పిల్లలున్నారా" అని అడగబట్టి నాకూ ఈ జబ్బు ఉందని బయటపడింది, అప్పటికి నాకు ఒక్క లక్షణమూ లేదు. ఈరోజుకీ లేదు. అన్నయ్య ఒంట్లో పేరుకున్న రాగిని మూత్రంలో బయటికి పంపే పెనిసిలమిన్ అనే మందు వాడుతున్నాడు, నడుస్తున్నాడు, మాట మాత్రం కొంచెం ముద్దగానే ఉండిపోయింది.

తిండి విషయంలో లివర్ మాంసం, పీతలు, నత్తలు, పుట్టగొడుగులు, చాక్లెట్, మన పలాస జీడిపప్పు మొదట్లో మానేయమన్నారు, రాగి బిందెలో నీళ్లు కూడా. డాక్టరు రాగి అన్నారని అమ్మ చోడి (రాగుల) అంబలి ఆపేసింది, ఆయన అన్నది లోహం గురించి. మందులు మాత్రం జీవితాంతం వాడాలి, బాగానే ఉన్నాం కదా అని ఆపితే లివర్ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. గర్భం వచ్చినా సొంతంగా ఆపకూడదు, మోతాదు డాక్టరే మారుస్తారు. తిండిలోని రాగి ఒంటికి పట్టకుండా నేను వేసుకునే జింకు మాత్ర తిండికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో వేసుకోవాలి, ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.