మాటలు ఆగిపోయిన అపార్ట్‌మెంట్‌లో మళ్లీ పలకరింపులు మొదలవ్వాలంటే ఏం చేయాలి?

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపల నాలుగో అంతస్తు మాస్టారు ఉన్నారు. ఆయన తల దించి ఫోన్ చూసుకున్నారు. నేను మెట్ల వైపు నడిచాను. విశాఖ అక్కయ్యపాలెంలో మా 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో దాదాపు ఏడాది ఇలాగే గడిచింది.

గొడవ మొదలైంది నీళ్ల ట్యాంకర్ డబ్బుల దగ్గర. వేసవిలో బోరు అడుగంటితే రోజూ ట్యాంకర్లు తెప్పించాం. ఆ ఖర్చు ఫ్లాటుకింత అని వేయాలా, ఇంట్లో మనుషుల లెక్కన వేయాలా అన్నది తేలలేదు. తర్వాత అసోసియేషన్ ఎన్నికల్లో రెండు ప్యానెళ్లు నిలబడ్డాయి. ఈలోగా అసలు ఎన్నికలే వచ్చాయి, ఎవరిది ఏ పార్టీ అన్న పట్టింపు కూడా తోడైంది. చివరికి రెండు వాట్సాప్ గ్రూపులు, రెండు వినాయక చవితి పందిళ్లు. సెల్లార్‌లో పిల్లలు కూడా విడివిడిగా ఆడుకోవడం చూసిన రోజున నాకు కడుపు తరుక్కుపోయింది.

మళ్లీ మాటలు కలవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఏం చేశామో, ఏ వరసలో చేస్తే ఫలితం కనిపించిందో రాస్తున్నాను. గొడవ తేలాక పలకరించుకుందాం అనుకుంటే మాత్రం అది ఎప్పటికీ తేలదు. ముందు పలకరింపు, ఆ తర్వాతే లెక్కలు.

ముందు ఒక్కరిని ఎంచుకోండి

అవతలి వర్గమంతటితో ఒకేసారి కలిసిపోవాలని చూడకండి. ఒక్క మనిషి చాలు. నేను మాస్టారితో మొదలుపెట్టాను. రోజూ ఉదయం పాల ప్యాకెట్ల కోసం ఇద్దరం కిందికి దిగుతాం. "నమస్తే మాస్టారూ" అని నా దారిన నేను పోయేవాడిని. జవాబు కోసం ఆగేవాడిని కాదు. వారం పైనే ఆయన తల మాత్రం ఊపారు. ఒకరోజు నేను జ్వరంతో దిగలేదు. మర్నాడు ఆయనే, "ఏటండీ, నిన్న కనబడలేదు?" అని అడిగారు. ఆ మాటకి నాకెంత ప్రాణం లేచొచ్చిందో చెప్పలేను.

ఈ దశలో నీళ్లు, లెక్కలు, పార్టీల ఊసు తేవద్దు. పిల్లల పరీక్షలు, పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు, ఉక్కపోత, ఇవే మాట్లాడండి. వరసలు పెట్టి పిలిచే అలవాటు ఉంటే దాన్ని మానకండి. కోపంలో చాలామంది ముందు వదిలేసేది ఆ పిలుపునే. నిన్నటిదాకా "పిన్నిగారూ" అన్న మనిషి ఇవాళ "ఫలానా ఫ్లాట్ ఆవిడ" అంటే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఫోన్‌లో గొడవ ఆపండి

గ్రూపులో నీళ్ల టైమింగులు, లిఫ్ట్ రిపేరు, కరెంటు కోత లాంటి విషయాలే ఉండాలని రెండు వైపుల వాళ్లూ ఒప్పుకోవాలి. రాజకీయ ఫార్వర్డులు వద్దు, మనుషుల పేర్లు పెట్టి నిలదీయడం వద్దు. రాత్రి పదకొండుకి వచ్చిన కోపం మెసేజ్‌కి పొద్దున్న కాఫీ తాగాకే జవాబివ్వండి, అదీ మెట్లెక్కి తలుపు తట్టి. నలుగురి ముందు అన్న మాటకి క్షమాపణ కూడా నలుగురి ముందే చెప్పాలి. ఒకామెను ఉద్దేశించి గ్రూపులో నేను రాసిన మాటకి ఆ గ్రూపులోనే క్షమించమని అడిగాను. విడిగా చెప్పి ఉంటే అది సరిపోయేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

లెక్కలు గోడ మీద పెట్టండి

ఇరుగుపొరుగు మధ్య డబ్బు గొడవల్లో ఎక్కువ భాగం డబ్బు గురించి కాదు, అనుమానం గురించి. మా దగ్గర వాచ్‌మన్ టేబుల్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ట్యాంకర్ వచ్చిన తేదీ, టైమ్, ఎన్ని లీటర్లు, ఎంత ఇచ్చాం, అన్నీ అందులో రాయాలి. పక్కన రెండు సంతకాలు, ఒక్కో వైపు నుంచి ఒక్కటి. నెలాఖరుకి ఆ పేజీల జిరాక్స్ లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డుకి అంటించాలి.

మొదటి నెలలోనే ఒక సంగతి బయటపడింది. ఒకే రోజు రెండు ట్యాంకర్లు వచ్చాయని ఒక వర్గం, ఒకటే వచ్చిందని ఇంకో వర్గం ఎన్నాళ్లుగానో వాదించుకున్నాయి. పుస్తకం చూస్తే తెల్లవారుజామున ఐదుకి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి వస్తున్నాయి. ఎవరు లేచి ఉన్న టైమ్‌లో వచ్చింది వాళ్లు చూశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అది తెలిశాక ఖర్చు పంచుకోవడం సులువైంది. సగం ఫ్లాటుకి సమానంగా, మిగతా సగం మనుషుల లెక్కన.

మీటింగ్ ఎలా పెట్టాలి?

ఎవరి ఇంట్లోనూ వద్దు. ఏప్రిల్‌లో సెల్లార్‌లో పెడితే ఉక్కపోతకే విసుక్కుని సగం మంది లేచిపోతారు. ఆదివారం ఎండ దిగాక, సముద్రపు గాలి తగిలేలా టెర్రస్ మీద పెట్టండి. కుర్చీలు ఎదురెదురు వరసల్లో కాకుండా గుండ్రంగా వేయండి. ఒక మీటింగ్‌కి ఒకటే విషయం. రెండు వైపులా గౌరవం ఉన్న పెద్దమనిషి ఒకరు నడిపించాలి. జవాబిచ్చేవాళ్లు ముందుగా "మీరన్నది ఇది, అవునా?" అని అడగాలి. ఇది కాస్త నాటకంలా అనిపిస్తుంది కానీ గొంతులు తగ్గించడంలో దీన్ని మించింది నాకు కనబడలేదు.

అద్దెకుండేవాళ్లని, ఆడవాళ్లని తప్పకుండా పిలవండి. మోటార్ ఎప్పుడు ఆగుతుందో, ఏ పైపు కారుతుందో వాళ్లకే బాగా తెలుసు.

పండగలు

పందిరి ఎక్కడ వేస్తారో, మైకు ఎంతసేపు పెడతారో ముందే చెప్పండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మామూలుగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. చందా బలవంతం చేయకండి. సంక్రాంతి అరిసెలు, రంజాన్ సేమియా, క్రిస్మస్ కేక్ గిన్నెల్లో అటూ ఇటూ తిరగనివ్వండి. ఒక ఆదివారం రెండు వైపుల పిల్లల్ని కలిపి వన్‌టౌన్ తీసుకెళ్లాం. హార్బర్ దగ్గర పక్కపక్కనే మూడు కొండలున్నాయి కదా, ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. మూడూ ఎక్కేసరికి పిల్లలు ఎవరి నీళ్ల సీసా ఎవరిదో మర్చిపోయారు.

సర్దుకోకూడనివి

కులం పేరుతో తిట్టడం, బెదిరించడం, చెయ్యి చేసుకోవడం ఇరుగుపొరుగు గొడవలు కావు, నేరాలు. బాధపడ్డ మనిషిని "పోనీలెండి, సర్దుకోండి" అనడం మంచితనం కాదు. వెంటనే 112కి ఫోన్ చేయండి. అంతదాకా వెళ్లని ఆస్తి, డబ్బు తగాదాలు మీలో మీకు తెగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి వెళ్లండి. కోర్టులో కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు, దానికి కోర్టు ఫీజు ఉండదు. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100.

కలిసి చేసే పని ఒకటి పెట్టుకోండి

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదే తీరం దాటింది. కిటికీ అద్దాలు పగిలి, రోజుల తరబడి కరెంటు లేక, పై అంతస్తులకి బకెట్లతో నీళ్లు మోశాం. నా బకెట్ ఇంకో వైపు పట్టుకున్నది మాస్టారే. మీటింగ్‌లో ఎవరో ఆ రోజులు గుర్తుచేస్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అక్కడి నుంచే మా తుపాను లిస్టు పుట్టింది.

ఒక కాగితం మీద అంతస్తులవారీగా రాయండి. మంచం దిగలేని పెద్దవాళ్లు, నెలల పిల్లలు, గర్భిణులు, రోజూ మందులు వేసుకునేవాళ్లు ఏ ఫ్లాట్‌లో ఉన్నారో ముందు గుర్తించండి. ఒక్కో పేరుకి ఎదురుగా ఇద్దరు సాయం మనుషులు ఉండాలి, ఒక్కో వర్గం నుంచి ఒకరు. జనరేటర్ డీజిల్ ఎవరు చూస్తారు, టెర్రస్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, వాచ్‌మన్ కుటుంబాన్ని ఏ ఇంట్లోకి రమ్మనాలి, ఇవి కూడా రాయండి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం కాబట్టి సెప్టెంబర్ మొదటి ఆదివారమే కూర్చుని పేర్లు సరిచూసుకోవాలి.

మాస్టారి అమ్మగారికి 84 ఏళ్లు, మెట్లు దిగలేరు. ఆవిడ్ని కుర్చీలో కిందికి దించే ఇద్దరిలో ఒకడిగా నా పేరు రాసింది మాస్టారే.