ఇలే-ఇఫే నగరాన్ని మన తిరుపతి పిల్లలకు చెప్పాలంటే

తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "మేడం, ఆఫ్రికాలో రాజులు కూడా ఉండినారా?" వాడి తప్పేమీ లేదు. ఆఫ్రికా అంటే వాడికి ఎవరైనా చూపించింది అడవి, సింహాలు, బానిసల ఓడ, అంతే. ఆ రోజు నేను కూడా సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక చాలా బాధేసింది. తర్వాతి ఏడాది నుంచి నైజీరియాలో యోరుబా అనే జాతి వాళ్ళ రాజనగరం ఇలే-ఇఫేకు (పొట్టిగా ఇఫే) మూడు పీరియడ్లు పక్కన పెడుతున్నాను. బడిలో గానీ ఇంట్లో గానీ పిల్లలకు చెప్పాలనుకునే వాళ్ళ కోసం నా పద్ధతి రాస్తున్నాను.

మ్యాప్‌తో మొదలుపెట్టకండి. ముందు బోర్డు మీద గోవిందరాజస్వామి గుడి, నాలుగు మాడ వీధులు గీయమనండి. కోనేరు ఎక్కడ, అంగళ్ళు ఎక్కడ అన్నది పిల్లలే చెబుతారు. ఊరు గుడి చుట్టూ పెరిగిందని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు గుడి బొమ్మ చెరిపి, అక్కడ రాజుగారి కోట గీయండి. యోరుబా వాళ్ళు దాన్ని 'ఆఫిన్' అంటారు. ఇఫే ఆ కోట చుట్టూ పెరిగిన ఊరు. కోట ముందు ఖాళీ మైదానం, దగ్గర్లో సంత, అక్కడి నుంచి నలువైపులకూ దారులు, దారుల మధ్య పేటలు. పేటలో ఒక్కో వంశానిది ఒక్కో పెద్ద లోగిలి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ అన్నదమ్ముల గదులు. కప్పు మీద పడిన వాన ఆ వాకిట్లోకే దిగుతుంది. మండువా ఇల్లు చూసిన పిల్ల ఒక్కతి ఉన్నా మీ పని సగం అయిపోయినట్టే. ఆ లోగిలికి పెద్దదిక్కును 'బాలే' అంటారు.

తర్వాత రాజు. ఇఫే రాజును 'ఊని' అంటారు. ఆయన పూసల కిరీటానికి ముందు పూసల సరాలు వేలాడుతూ ముఖాన్ని కప్పేస్తాయి. ఎందుకో మీరే చెప్పేయకండి, పిల్లల్ని అడగండి. మా క్లాసులో ఒకమ్మాయి, "మన స్వామికి నామం కళ్ళ మీదికి ఉంటుంది కదా మేడం, అట్లనా?" అంది. ఆ మాట బోర్డు మీద రాశాను. కానీ రెండూ ఒకటేనని ఒప్పుకోలేదు. ఇఫేలో కిరీటం పెట్టుకున్నాక ఆ మనిషి ముఖం ముఖ్యం కాదు, రాజు పదవి ముఖ్యం. ఆ శక్తిని మామూలు కళ్ళతో నేరుగా చూడకూడదన్న నమ్మకం కూడా ఉంది. పోలిక చెప్పిన ప్రతిసారీ తేడా కూడా చెప్పండి. లేకపోతే ఇఫే వాళ్ళ ఊరు కాకుండా పోతుంది.

ఊరు పుట్టిన కథ కింద కూర్చుని చెప్పాలి. మొదట అంతా నీళ్ళే. పై లోకం నుంచి ఓబాతాలా అనే దేవుడికి గొలుసు, గుప్పెడు మట్టి, ఐదు వేళ్ళ కోడి ఇచ్చి పంపుతారు. ఆయన దారిలో తాటికల్లు తాగి నిద్రపోతాడు. ఒదుదువా అనే ఇంకో దేవుడు అవన్నీ తీసుకుని, గొలుసు పట్టుకుని దిగి, నీళ్ళ మీద మట్టి పోస్తాడు. కోడి ఆ మట్టిని కాళ్ళతో చిమ్ముతుంది. అలా నేల పరుచుకున్న చోటే ఇఫే. ఇఫే అన్న పేరులోనే పరుచుకోవడం అనే అర్థం ఉందంటారు. పిల్లలు కల్లు దగ్గర నవ్వుతారు, నవ్వనివ్వండి. కానీ మూఢనమ్మకం అనే మాట మాత్రం రానివ్వకండి. వరాహస్వామి భూమిని పైకెత్తిన కథ మనకెంతో, ఇది వాళ్ళకంత. ఒదుదువా సంతానమే పూసల కిరీటాలతో బయలుదేరి మిగతా యోరుబా రాజ్యాలు స్థాపించారని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ వంశంలోని ఒరాన్మియాన్ పేరుతో ఐదు మీటర్లు దాటిన గ్రానైట్ రాతి స్తంభం, ఇనుప మేకులు దిగగొట్టి, ఇప్పటికీ ఆ ఊళ్ళో నిలబడి ఉంది.

ఎక్కువ సమయం లోహపు తలలకు ఇవ్వండి. తిరుమల మహాద్వారం దాటగానే చేతులు జోడించి నిలబడిన కృష్ణదేవరాయలు, ఇద్దరు రాణుల విగ్రహాలు గుర్తు చేయండి. రాయలు పాలించింది 1509 నుంచి 1529 దాకా. ఇఫే వాళ్ళు అంతకు ముందే, 12 నుంచి 15వ శతాబ్దాల మధ్య, మనిషి ముఖం అంత నిజంగా ఇత్తడి, రాగి తలలు పోశారు. మట్టి ముద్ద మీద మైనం తొడిగి ముఖం చెక్కుతారు. పైన మళ్ళీ మట్టి పూసి కాలిస్తే మైనం కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మన స్థపతులు పంచలోహ విగ్రహాలు పోసేదీ మైనంతోనే. కొవ్వొత్తి మైనంతో చిన్న బొమ్మ చేయించి, మట్టి పూసి, వేడి నీళ్ళలో పెట్టి చూపించండి. వేడి నీళ్ళ పని మాత్రం మీరే చేయండి.

1910లో ఫ్రొబేనియస్ అనే జర్మన్ పండితుడు ఇఫేలో అలాంటి తల ఒకటి చూసి, ఇది గ్రీకుల పురాతన వలస వాళ్ళు చేసి ఉంటారన్నాడు. ఆ ఊరివాళ్ళు చేశారని నమ్మలేకపోయాడు. 1938లో కోట దగ్గర ఇల్లు కట్టడానికి పునాది తవ్వుతుంటే డజనుకు పైగా తలలు బయటపడ్డాయి. పూసల గాజు కూడా ఇఫేలోనే తయారయిందని ఆ గాజులో ఉన్న పదార్థాలను పరీక్షించి తేల్చారు. ఇక్కడ తొందరపడకండి. నన్ను మొదట ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడికి నేను బాకీ పడిన జవాబు ఇదే.

మూడో పీరియడ్ చేతిపని. ఇఫేలో వాకిళ్ళకు, దారులకు పగిలిన కుండ పెంకులతో నేల వేసేవాళ్ళు. లువో అనే రాణి ఆ పని చేయించిందని చెప్పుకుంటారు. పాత పూలకుండీల పెంకులు తెమ్మనండి. రెండడుగుల చదరంలో తడి బంకమట్టి పరిచి, పెంకుల్ని పక్కపక్కనే నిలువుగా, అంచు పైకి వచ్చేలా గుచ్చాలి. ఒక వరుస ఇటు వాలుగా, తర్వాతది అటు వాలుగా, చేప ముల్లులా. మొదటి ఏడాది నేను పెంకుల్ని పడుకోబెట్టించాను. పిల్లలు తొక్కగానే విరిగిపోయాయి. నిలువు పెంకు బరువు మోస్తుంది. నీడలోనే ఆరనివ్వండి, ఎండలో మట్టి పగులుతుంది.

సమయం మిగిలితే, గంగమ్మ జాతరలో వేషాలు కట్టే ఊరి పిల్లలకు యోరుబా వాళ్ళు నిలువెల్లా గుడ్డలు కప్పుకుని వచ్చే ఎగుంగున్ వేషాల గురించి చెప్పండి. మనది అమ్మవారి జాతర. అక్కడ ఆ వేషంలో వచ్చేది చనిపోయిన పెద్దలేనని నమ్మకం. ఇదంతా పాత ముచ్చట కాదని కూడా చెప్పాలి. ఇఫేలో 2015 నుంచి ఊనిగా ఉన్న రాజు ఉన్నాడు, పెద్ద యూనివర్సిటీ ఉంది, ఏటా ఓలోజో పండగకు ఊని కొన్ని రోజులు ఏకాంతంలో ఉండి, ప్రత్యేక కిరీటంతో బయటికి వస్తాడు.

మా బడి వెనక కుళాయి దగ్గర పిల్లలు వేసిన నేల ఇంకా ఉంది. రెండు వానాకాలాలు దాటింది. ఒక మూల, పెంకులు అయిపోయి పడుకోబెట్టిన చోట మాత్రం లేచిపోయింది. ఈసారి కొత్త బ్యాచ్ పెంకులు తెస్తానంది, ఆ మూల నిలువుగా వేయడానికి.