బొమ్మ చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: పంజరంలో చిలుక

పోయిన పాఠంలో వెలుగు ఎటునుంచి పడుతోందో కనిపెట్టడం చూశాం. ఈసారి పిల్లలూ, పెంపుడు జీవాలూ కలిసి ఉన్న బొమ్మలు. 19వ శతాబ్దపు డెన్మార్క్‌లో ఇలాంటివి బాగానే వేశారు. చూడగానే "ఎంత ముద్దుగా ఉందో!" అనేసి వెళ్లిపోతాం. చిక్కు అక్కడే.

ఈ పాఠానికి డెన్మార్క్ చిత్రకారుడు ఎకర్స్‌బెర్గ్ 1820లో వేసిన "బెల్లా, హన్నా" తీసుకుందాం. కోపెన్‌హాగెన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. ఇద్దరూ నాథన్‌సన్ అనే వ్యాపారి పెద్ద కూతుళ్లు. నిజానికిది పోర్ట్రెయిట్, రోజువారీ బతుకు బొమ్మ కాదు. కానీ జీవానికి బొమ్మలో ఏం పనో ఇంత తేటగా చూపేది ఇంకోటి తట్టలేదు.

ముందు ఏమీ చదవకుండా ఒక నిమిషం చూడండి. ఒకమ్మాయి ముఖం నేరుగా మనవైపు ఉంది, రెండో అమ్మాయిది పక్కనుంచి. పోలికలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, ఒకే ముఖాన్ని రెండు వైపులనుంచి చూపించాడేమో అనిపిస్తుంది. ఇద్దరూ కుదురుగా ఉన్నారు, మనసులో ఏముందో బయటపడదు. దగ్గర్లోనే పంజరం, అందులో చిలుక.

ఇప్పుడు ఫోన్‌లో బొమ్మ పెద్దది చేసి, పంజరాన్ని బొటనవేలితో మూసేయండి. చక్కగా ముస్తాబైన అక్కాచెల్లెళ్లు మిగిలారు, అంతే. వేలు తీయండి. ఆ కుదురుతనం మీద అనుమానం మొదలవుతుంది. పెళ్లయ్యేదాకా ఇంటిపట్టునే ఉండాల్సిన కలవారి ఆడపిల్లల సంగతి చిలుక చెబుతోందని కొందరంటారు. చిత్రకారుడి ఉద్దేశం అదేనని నేను పందెం కాయను. దూరదేశపు చిలుకను పెంచడం ఆ రోజుల్లో దర్జా కూడా.

వేలితో మూసినా తేడా రాకపోతే ఆ జీవం అలంకారం, వస్తే దానికి పని ఉన్నట్టు.

ఇదే పరీక్ష మరో డెన్మార్క్ చిత్రకారుడు వెర్మెరెన్ 1855లో వేసిన, ఆ దేశంలోని యూట్లండ్ ప్రాంతపు గొర్రెలకాపరి బొమ్మ మీద చేయండి. "మన నేల మనుషుల్ని వేయండి" అని డెన్మార్క్ కళా చరిత్రకారుడు హోయెన్ అక్కడి చిత్రకారులకు 1844లో పిలుపిచ్చాక వచ్చిన తరం బొమ్మ అది. ఇందులో పిల్లలు లేరు. కాపరి బీడులో నిలబడి మేజోడు అల్లుతుంటాడు, తోడు కుక్క. కుక్కను మూస్తే ఆ బీడు ఇంకా పెద్దదైపోతుంది.

హోంవర్కు: ఇంట్లో పాత ఆల్బమ్ తీసి, పిల్లల పక్కన మేకో కుక్కో ఉన్న ఫొటో వెతకండి. మూసి చూడండి, తీసి చూడండి. తేడాను రెండు వాక్యాల్లో రాయండి. "ముద్దుగా" అన్న మాట మాత్రం వాడొద్దు.