స్పెయిన్ నుంచి ఫ్రాన్స్ మీదుగా బ్రిటన్‌కు కుక్కతో మోటర్‌హోమ్ ప్రయాణం: కాగితాలు, దరఖాస్తు విధానం

చలికాలం దక్షిణ స్పెయిన్‌లో గడిపి, ఎండలు ముదిరేలోపు మోటర్‌హోమ్‌ను (పడకలు, వంటగది ఉన్న బండిని) ఉత్తరానికి తిప్పే కుటుంబాలు బ్రిటన్‌లో చాలా ఉన్నాయి. వాళ్లలో కుక్కను వెంట తీసుకెళ్లేవాళ్లకు వెళ్లేటప్పటి కాగితాలతో పెద్ద చిక్కు ఉండదు, ఇంటి దగ్గరి వెటర్నరీ డాక్టరే తయారు చేసి ఇస్తారు. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. బ్రిటన్‌లోకి రావడానికి కావలసిన ఆఖరి సంతకం, అంటే బద్దెపురుగు (టేప్‌వార్మ్) మందు వేసినట్టు డాక్టరు పెట్టేది, దారి మధ్యలో, భాష రాని ఊళ్లో, గంటలు లెక్కపెట్టుకుంటూ తీసుకోవాలి. అందుకే రేవులో ఓడ ఎక్కే సమయాన్ని ముందు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవడం మంచి పద్ధతి.

కింది వివరాలు ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు వర్తిస్తాయి. ఉత్తర ఐర్లండ్ నిబంధనలు వేరు.

ఏ పత్రం కావాలి?

2021 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో ఇచ్చిన పెట్ పాస్‌పోర్ట్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాల్లోకి వెళ్లడానికి చెల్లదు. బ్రిటన్‌లో ఉండేవారు ప్రతి ప్రయాణానికీ కొత్తగా యానిమల్ హెల్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. స్పెయిన్‌లోనో ఫ్రాన్స్‌లోనో స్థిరపడినవారికి అక్కడి వెటర్నరీ డాక్టరు ఇచ్చే ఈయూ పెట్ పాస్‌పోర్ట్ ఉంటుంది. నీలం అట్ట ఉన్న ఆ చిన్న పుస్తకం యూరప్‌లో నివసించేవారి కుక్కల కోసం ఉద్దేశించినది. స్పెయిన్‌కు వెళ్లినప్పుడు ఒకటి తీసుకుంటే ప్రతిసారీ సర్టిఫికెట్ ఖర్చు తప్పుతుందన్న సలహా మోటర్‌హోమ్ యాత్రికుల మధ్య బాగా తిరుగుతుంటుంది. బ్రిటన్‌లో కాపురం ఉండేవారు ఆ దారి పట్టకపోవడమే మంచిది. మళ్లీ యూరప్‌కు వెళ్లేటప్పుడు సరిహద్దులో ఆ పుస్తకం గురించి ప్రశ్నలు ఎదురైతే ఇరుకున పడేది మీరే.

బ్రిటన్‌లోకి తిరిగి వచ్చేటప్పుడు ఈ రెండింటిలో ఏదైనా పనికొస్తుంది.

ముందుగా పూర్తి కావలసినవి

మైక్రోచిప్, రేబిస్ టీకా. ఈ వరుసను మార్చకూడదు. టీకా వేసే నాటికి, లేదా అదే రోజు, కుక్కకు చిప్ ఉండి తీరాలి. టీకా తర్వాత చిప్ వేసినట్టు తేదీలు కనిపిస్తే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాల్సిందే. మొదటి టీకా నాటికి కుక్కపిల్లకు కనీసం 12 వారాలు నిండాలి. టీకా తర్వాత 21 రోజులు ఆగాలి. టీకా వేసిన రోజును సున్నాగా తీసుకుని మర్నాటి నుంచి లెక్కపెడతారు. గడువు లోపలే బూస్టర్ వేయిస్తే ఈ నిరీక్షణ ఉండదు. గడువు ఒక్క రోజు దాటినా మళ్లీ మొదటి టీకాగానే చూస్తారు, మళ్లీ 21 రోజులు ఆగాలి. ప్రయాణం మధ్యలో టీకా గడువు ముగిసేలా ఉంటే బయలుదేరకముందే బూస్టర్ వేయించండి, సర్టిఫికెట్ ఆ తర్వాత రాయించండి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కుక్కను తెచ్చుకున్నవారికి ఇంకో మెట్టు ఉంటుంది. రేబిస్ విషయంలో భారతదేశం బ్రిటన్ ఆమోదిత జాబితాలో లేదు. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తపరీక్ష చేయించాలి, ఫలితం మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకూడదు, నమూనా తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగాలి. ఇదంతా బ్రిటన్‌కు తెచ్చేటప్పటి తతంగం. చట్టప్రకారం తెచ్చి ఇక్కడ పెంచుకుంటున్న కుక్క స్పెయిన్ యాత్రకు మిగతా కుక్కల్లాగే వెళ్తుంది.

సర్టిఫికెట్‌కు దరఖాస్తు

ప్రతి వెటర్నరీ క్లినిక్‌లోనూ ఈ సర్టిఫికెట్ ఇవ్వరు. ప్రభుత్వ అనుమతి ఉన్న అధికారిక వెటర్నరీ డాక్టరే సంతకం చేయాలి. అలాంటి డాక్టరు మీ క్లినిక్‌లో ఉన్నారో లేదో ఫోనులో కనుక్కుని, కొన్ని వారాల ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. రుసుము క్లినిక్‌నుబట్టి మారుతుంది, చాలా చోట్ల వంద పౌండ్లు దాటుతుంది. ఒకే సర్టిఫికెట్ మీద ఐదు జంతువుల దాకా చేర్చవచ్చు కాబట్టి రెండు కుక్కలుంటే విడివిడిగా రాయించనక్కర్లేదు.

తీసుకెళ్లవలసినవి: కుక్క, దాని మైక్రోచిప్ నంబరు, వేసిన తేదీ ఉన్న కాగితం, టీకా పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు ఉన్న అసలు రికార్డు, యజమాని గుర్తింపు పత్రం, ప్రయాణ తేదీ, యూరప్‌లో మొదట అడుగుపెట్టే దేశం పేరు.

ఆ చివరిది ఎందుకంటే, సర్టిఫికెట్ రెండు భాషల్లో ఉంటుంది: ఇంగ్లిషు, దానితోపాటు మొదట ప్రవేశించే దేశపు భాష. ప్లిమత్ నుంచి ఓడలో నేరుగా శాంటాండర్‌లో దిగితే స్పానిష్ ప్రతి కావాలి. ఫ్రాన్స్ రేవు కాలే మీదుగా వెళ్తే, చివరి గమ్యం దక్షిణ స్పెయిన్‌లోని మాలగా అయినా సరే, ఫ్రెంచ్ ప్రతి కావాలి. టికెట్ మార్చుకున్నవారు ఈ సంగతి డాక్టరుకు చెప్పడం మరిచిపోతుంటారు.

సర్టిఫికెట్ తేదీ నుంచి 10 రోజుల్లోపు యూరప్‌లో అడుగుపెట్టాలి. ఆ తర్వాత అక్కడి దేశాల మధ్య తిరగడానికీ, బ్రిటన్‌కు తిరిగి రావడానికీ ఎన్నాళ్లు పనికొస్తుందో చేతికిచ్చినప్పుడే అడిగి తెలుసుకోండి. 2021 నుంచి వాడుకలోకి వచ్చిన నమూనాలో ఆ గడువు నాలుగు నెలలు. చలికాలమంతా స్పెయిన్‌లో ఉండిపోవాలనుకునేవారికి ఆ తేదీ ముఖ్యం.

ఈ 10 రోజుల నిబంధన వల్ల భారతీయ పాస్‌పోర్ట్ ఉన్న తెలుగు కుటుంబాలు పనుల వరుస జాగ్రత్తగా చూసుకోవాలి. మనిషికి షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) కావాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేసుకోవాలి కాబట్టి ఈ యాత్రకు సాధారణంగా స్పెయిన్‌కే చేసుకోవాల్సి వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా దరఖాస్తు చేయవచ్చు. పెద్దలకు వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. వీసా ముద్ర పడిన పాస్‌పోర్ట్ చేతికి రాకముందు కుక్క సర్టిఫికెట్‌కు డబ్బు కట్టవద్దు. వీసా వారం ఆలస్యమైతే కుక్క సర్టిఫికెట్ చిత్తుకాగితమే.

బద్దెపురుగు మందు: అసలు గడియారం ఇక్కడే మొదలవుతుంది

బ్రిటన్‌లో లేని ఒక బద్దెపురుగు, ఎఖినోకాకస్ మల్టీలాక్యులారిస్, ఐరోపా ఖండంలోని నక్కల్లో ఉంటుంది. కుక్కలకు అంటుతుంది. గుడ్లు మనిషి కడుపులోకి చేరితే ఏళ్ల తర్వాత కాలేయంలో గడ్డలుగా బయటపడే జబ్బు ఇది. అందుకే స్పెయిన్, ఫ్రాన్స్‌ల నుంచి బ్రిటన్ వచ్చే ప్రతి కుక్కకూ డాక్టరు చేత మందు వేయించి ఉండాలి. ఫిన్లండ్, ఐర్లండ్, మాల్టా, నార్వేల నుంచి నేరుగా వచ్చేవాటికి మినహాయింపు ఉంది. పిల్లులకు ఈ నిబంధన లేదు.

మందులో ప్రాజిక్వాంటెల్, లేదా దానితో సమానంగా పనిచేస్తుందని రుజువైన పదార్థం ఉండాలి. నెలనెలా పేలకూ పురుగులకూ కలిపి వేసే గోలీలు కొన్నింటిలో అది ఉండదు, పెట్టె మీద చదివి చూసుకోండి. అయినా ఇంట్లో మీరు వేసింది చెల్లదు. డాక్టరే వేసి రాయాలి.

సమయం: బ్రిటన్ చేరడానికి 24 గంటలకు తగ్గకుండా, 120 గంటలకు మించకుండా. 2012కు ముందు ఈ వ్యవధి 24 నుంచి 48 గంటలే ఉండేది, అప్పటితో పోలిస్తే ఇప్పటిది ఉదారమే. ప్రాజిక్వాంటెల్ ఒంట్లో ఉన్న పురుగును చంపుతుంది కానీ మర్నాడు కొత్తగా సోకేదాన్ని ఆపదు. పై హద్దు పెట్టింది అందుకే. ఉన్న పురుగులు చచ్చి ఒంట్లోంచి పోవడానికి కింది హద్దు.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు కాలే నుంచి దాటుతున్నారనుకోండి. మందు సోమవారం మధ్యాహ్నం రెండు తర్వాత, శుక్రవారం మధ్యాహ్నం రెండు లోపల పడాలి. మాలగా నుంచి కాలే రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. మోటర్‌హోమ్‌లో రోజుకు మూడున్నర నాలుగు వందల కిలోమీటర్లకు మించి నడిపితే మనుషులకూ సుఖం ఉండదు, కుక్కకూ ఉండదు. అంటే దాదాపు ఆరు రోజుల దారి. పరిచయమున్న డాక్టరని మాలగాలోనే మందు వేయిస్తే కాలే చేరేసరికి గడువు దాటిపోతుంది.

ఎక్కడ వేయించాలన్నది కొంత తూచి చూడవలసిన విషయం. సలమాంకా, బుర్గోస్ మీదుగా ఇరున్ దగ్గర సరిహద్దు దాటి, బోర్డో, పోయితియే, తూర్, రువాన్ మీదుగా వచ్చే దారి తీసుకుందాం. బుధవారం సాయంత్రం ఆరింటికి బుర్గోస్‌లో వేయిస్తే సోమవారం సాయంత్రం ఆరు దాకా చెల్లుతుంది. స్పెయిన్‌లోనే పని అయిపోయిందన్న నిశ్చింత ఉంటుంది కానీ, అక్కడి నుంచి మూడు రోజులు పూర్తిగా దారి మీదే, బండి చెడితే ఆ వెసులుబాటు కరిగిపోతుంది. శుక్రవారం ఉదయం పదకొండుకు రువాన్‌లో వేయిస్తే బుధవారం ఉదయం పదకొండు దాకా చెల్లుతుంది. అయితే ఆ రోజు క్లినిక్‌లో ఖాళీ లేదంటే శనివారం ఓడ తప్పినట్టే. నా ఓటు మధ్యలోని గురువారానికి, బోర్డో నుంచి తూర్ దాకా ఎక్కడైనా సరే. ఒక క్లినిక్ కుదరకపోతే ఇంకో ఊరు ప్రయత్నించడానికి సమయం చేతిలో ఉంటుంది.

స్పెయిన్‌లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా క్లినిక్‌లు మూసి ఉండటం మామూలే. ఫ్రాన్స్‌లో పన్నెండు నుంచి రెండు వరకు భోజన విరామం. మే నెలలో ఫ్రాన్స్ దాటేవారు 1, 8 తేదీల సెలవులు చూసుకోవాలి. సెలవు గురువారం పడితే చాలామంది శుక్రవారం కూడా కలిపేసుకుంటారు.

డాక్టరు ఏం రాయాలి? మందు పేరు, తయారీదారు, తేదీ, గంటలూ నిమిషాలతో సమయం, సంతకం, ముద్ర. యానిమల్ హెల్త్ సర్టిఫికెట్ చివర దీనికో పట్టిక ఉంటుంది. ఈయూ పాస్‌పోర్ట్‌లో అయితే ఏడో విభాగం. దాని తర్వాతి ఎనిమిదో విభాగం ఇతర పరాన్నజీవుల మందులది, పక్కపక్కనే ఉండటంతో తొందరలో అక్కడ రాసేసే ప్రమాదం ఉంది. సమయం గడి ఖాళీగా వదిలేయడం ఇంకో మామూలు పొరపాటు. బల్ల దగ్గర నుంచి లేవకముందే పుస్తకం తెరిచి, మందు పెట్టె పక్కన పెట్టుకుని, ఒక్కో గడీ సరిచూసుకోండి. డాక్టరు ఏమనుకుంటారోనని మొహమాటపడితే ఆ ఖాళీ గడి కాలేలో బయటపడుతుంది. స్పెయిన్, ఫ్రాన్స్ గడియారాలు బ్రిటన్ కన్నా గంట ముందుంటాయన్నది కూడా లెక్కలో ఉంచుకోండి.

శాంటాండర్ లేదా బిల్బావో నుంచి ఓడలో నేరుగా పోర్ట్‌స్మత్ వచ్చేవారికి ఫ్రాన్స్ దారి బెడద లేదు. కానీ ఓడ మీదే ఒక రోజుకు పైగా గడుస్తుంది, ఆ సమయమూ 120 గంటల్లో కలుస్తుంది.

రేవులో తనిఖీ

కుక్కతో ఆమోదిత మార్గాల్లోనే రావాలి. మోటర్‌హోమ్‌వాళ్లు ఎక్కువగా వాడే కాలే–డోవర్ ఫెర్రీలు, ఇంగ్లిష్ చానల్ కింది రైలు, స్పెయిన్ ఓడలు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. రైలు టెర్మినల్‌లో టికెట్ గేటు కన్నా ముందు పెట్ రిసెప్షన్‌కు వెళ్లాలి. అక్కడ స్కానర్ మీ చేతికే ఇస్తారు, కుక్క మెడ మీద మీరే తిప్పాలి. తెర మీద కనిపించిన 15 అంకెలను కాగితాలతో పోల్చి చూస్తారు. రైలులో కుక్క మీతోనే బండిలో ఉంటుంది, 35 నిమిషాల ప్రయాణం.

కుక్క యజమాని కాకుండా వేరొకరు తీసుకొస్తుంటే లిఖితపూర్వక అనుమతి కావాలి, యజమాని ఐదు రోజుల తేడాలోపు ప్రయాణించాలి. భర్త బండి నడుపుతూ, భార్య విమానంలో వచ్చే కుటుంబాల్లో సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో చూసుకోవాలి.

కాగితాల్లో లోపం ఉంటే ఎక్కించుకోరు. మందు గడువు దాటిందని తేలితే దగ్గరి క్లినిక్‌లో మళ్లీ వేయించి 24 గంటలు ఆగడం ఒక్కటే దారి. నిబంధనలు పాటించకుండా బ్రిటన్ చేరితే కుక్కను క్వారంటైన్‌లో పెట్టవచ్చు, వెనక్కి పంపవచ్చు, ఖర్చు మీదే.

జాతి గురించి ఒక మాట. పిట్‌బుల్ రకం వంటి మొదటి వర్గం ప్రమాదకర కుక్కలను ఫ్రాన్స్ దేశంలోకి అనుమతించదు. దాటి వెళ్లడమే కదా అంటే కుదరదు. రాట్‌వైలర్ వంటి రెండో వర్గం కుక్కలకు బహిరంగ ప్రదేశాల్లో మూతికి బుట్ట, చేత్తో పట్టుకునే తాడు తప్పనిసరి. ఎక్స్‌ఎల్ బుల్లీ అనే రకం కుక్కల మీద బ్రిటన్‌లోనే నిషేధం ఉంది.

ఫ్రిజ్ కూడా ఒకసారి తెరిచి చూడండి. 2025 ఏప్రిల్ 12 నుంచి యూరప్ నుంచి సొంత వాడకానికి పంది, గొడ్డు, గొర్రె, మేక మాంసం, పాల పదార్థాలు బ్రిటన్‌కు తేవడం నిషేధం. దారిలో కొన్న హామోన్ (స్పెయిన్ పంది మాంసం) ముక్క ఎంత ఖరీదైనదైనా కాలే దాటకముందే తినేయాలి.

బ్రిటన్‌లో దిగాక కుక్క గురించి ఎక్కడా దాఖలు చేయవలసింది ఏమీ లేదు. ఆ సర్టిఫికెట్ పని అయిపోయినట్టే. వచ్చే చలికాలానికి టీకా గడువు మాత్రం ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, సర్టిఫికెట్ కొత్తగా రాయించుకోవాలి.